పరదాకి తలుపు కొట్టడం ఎట్లా?

పాత గుంటూరులో మాది రెండు గదుల అద్దె పోర్షను. గదుల మధ్య తలుపు లేదు, పరదా ఒక్కటే. బీరువా, అద్దం, బట్టల దండెం అన్నీ లోపలి గదిలోనే ఉంటాయి కాబట్టి బట్టలు మార్చుకోవాలంటే అందరం అక్కడికే పోవాలి. ఒకరోజు మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా అడిగింది: "అమ్మీ, నేను యూనిఫాం మార్చుకుంటుంటే భాయ్ లోపలికి వచ్చేస్తాడు. చెప్పినా వినడు. నువ్వేం అనవా?"

దానికి పదేళ్ళు, వాడికి పన్నెండు.

అప్పటిదాకా హయా, అంటే సిగ్గూ మర్యాదా, పేరుతో నేను నేర్పినవన్నీ దానికే. దుపట్టా జారకుండా సర్దుకోవడం, కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోవడం, వీధిలో గట్టిగా నవ్వకపోవడం. ఈ ఆఖరుది మా అత్త చేర్చింది. మరి వాడికేం నేర్పానా అని వెతుక్కుంటే నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వుజూ, నమాజు, పెద్దవాళ్ళకి సలాం తప్ప ఏమీ తేలలేదు. మగపిల్లాడు కదా, వాడికేముందిలే అనుకున్నట్టున్నాను.

ఆ రాత్రి ఖుర్ఆన్ తెలుగు అనువాదం తీసి సూరె నూర్ అనే అధ్యాయం చదివాను. ఆడవాళ్ళ పరదా గురించి చెప్పే 31వ ఆయత్ (వాక్యం) చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దాని పైనున్న 30వ ఆయత్ మీద మాత్రం ఎప్పుడూ ఆగలేదు. చూపులు వాల్చుకోమని అక్కడ ముందు చెప్పింది మగవాళ్ళకి. ఆ తర్వాతే, అదే మాటతో, ఆడవాళ్ళకి. మా ఇళ్ళలో పాఠం ఎప్పుడూ ముప్పై ఒకటితోనే మొదలవుతుంది, అదేమిటో.

అయినా చూపుల దగ్గర మొదలుపెట్టలేదు, పరదా దగ్గరే పెట్టాను. అదే సూరెలో 58వ ఆయత్ పిల్లల గురించే. ఇంట్లో చిన్నపిల్లలైనా సరే మూడు వేళల్లో అడిగే లోపలికి రావాలి: తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం బట్టలు తీసి నడుం వాల్చే వేళ, రాత్రి ఇషా నమాజు తర్వాత. యుక్తవయసు వచ్చాక ఏ వేళైనా అడగాల్సిందేనని 59 చెబుతుంది. మావాడు ఆ గడప మీదే ఉన్నాడు కాబట్టి ఇక ఎప్పుడూ అడిగే రావాలన్నాను.

"పరదాకి తలుపు కొట్టడం ఎట్లా అమ్మీ?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. బయట నిలబడి సలాం చెప్పాలి, మూడుసార్లు చెప్పినా జవాబు రాకపోతే వెనక్కి పోవాలి. ఇదీ హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో, ఉన్నదే. మొదటి వారం మూడు సలాములూ ఒకే ఊపిరిలో గుక్కతిప్పుకోకుండా అనేసి, నాలుగో క్షణంలో లోపల ఉండేవాడు. లోపల చెల్లెలు కేకలు. అప్పుడు ఒక కథ చెప్పాను. ఒకాయన ప్రవక్త (స) గది తలుపు కంతలోంచి తొంగిచూశాడట. ప్రవక్త చేతిలో తల దువ్వుకునే దువ్వెనలాంటిది ఉంది. నువ్వు చూస్తున్నావని తెలిస్తే దీంతో నీ కన్ను పొడిచేవాణ్ణి, అనుమతి అడగమన్నది చూపు కోసమే కదా, అన్నారట. మావాడికి దువ్వెన తెగ నచ్చింది. చెల్లెలికి ఇంకా నచ్చింది. రెండురోజులు దువ్వెన పట్టుకునే బట్టలు మార్చుకుంది.

పరదా సంగతి నెలలో దారికొచ్చింది. ఫోను దగ్గర నేనే తప్పు చేశాను.

ఒక సాయంత్రం మావాడు వాళ్ళ నాన్న ఫోను తీసుకుని క్రికెట్ చూస్తున్నాడు. వేలితో పైకి తోస్తుంటే మధ్యలో ఏదో డాన్స్ రీల్ వచ్చింది. అప్పుడే వెనక నుంచి వచ్చిన నేను ఏం చూస్తున్నాడో, ఎంతసేపు చూశాడో కనుక్కోకుండా వీపు మీద ఒకటి వేశాను. "తౌబా! ఇదా నీ నమాజు?" అని పక్క పోర్షనుకి వినపడేలా అరిచాను. దాని ఫలితం మర్నాడే కనిపించింది. ఫోను చూస్తే గోడకి వీపు ఆనించి కూర్చుంటున్నాడు. తెర నాకు కనపడకుండా.

ఆ పని మా ఆయన చక్కబెట్టారు. ఆయన పెద్దగా ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు. అన్నం దగ్గర ఫజ్ల్ సంగతి చెప్పారు. ప్రవక్త (స) ఆఖరి హజ్. పినతండ్రి కొడుకు ఫజ్ల్, కుర్రవాడు, ఆయన వెనకే అదే ఒంటె మీద ఉన్నాడు. ఖస్అమ్ తెగ అమ్మాయి ఒకామె వచ్చి, మా నాన్న ముసలివాడు, వాహనం మీద కూర్చోలేడు, ఆయన తరఫున నేను హజ్ చేయొచ్చా అని అడిగింది. ఫజ్ల్ ఆమెనే చూస్తున్నాడు. ప్రవక్త అతని ముఖాన్ని చేత్తో పట్టి రెండో పక్కకి తిప్పారు. ఆ అమ్మాయికి జవాబు కూడా చెప్పారు, చేయొచ్చు అని.

"తిట్టలేదా?" అన్నాడు వాడు.

"నాకు తెలిసి లేదు."

నేను పప్పు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. ఫోను చూడటం ముందుగదిలోనే. ఏదైనా వస్తే తెర బోర్లించడమే, ఎవరూ ఏమీ అడగరు. మొదటి చూపు నీది, రెండోది నీది కాదు అని తన అల్లుడు అలీ (రజి)తో ప్రవక్త అన్న మాట కూడా ఆయనే చెప్పారు. దాంతో వాడికి ఊపిరి వచ్చింది. కంటపడటమే పాపం అనుకుని బెదిరిపోయాడు పాపం.

కొన్నాళ్ళకి ఇంకో తలనొప్పి. ఎదురింటి పిన్నిగారు అరిసెలు పట్టుకొచ్చి "ఏరా, పరీక్షలు ఎట్లా రాశావు?" అంటే నేల చూపులు చూస్తూ ముక్తసరిగా జవాబు చెప్పి తప్పుకున్నాడు. ఎత్తుకుని తిప్పిన మనిషి, ఆవిడ చిన్నబుచ్చుకుంది. స్కూల్లో కూడా మేడం పిలిచి "నాతో మాట్లాడేటప్పుడు కిటికీలోకి చూస్తావేం?" అందట. మౌల్వీసాబ్‌ని అడిగొచ్చారు మా ఆయన. ఆయత్‌లో 'మిన్' అనే చిన్న మాట ఉందట. చూపులన్నీ కాదు, చూపుల్లో కొన్ని వాల్చుకోమని. పాఠం వినడానికి చూసే చూపు, పెద్దావిణ్ణి పలకరించే చూపు వేరు. మర్నాడు వాడు పిన్నిగారి ఖాళీ డబ్బాలో సేమియా పోసి పట్టుకెళ్ళాడు. "ఇప్పుడు మొహం కనపడుతోందిరా" అందట.

అమ్మాయి ఊరుకుంటుందా? ఆడవాళ్ళకీ అదే మాట ఉందని తెలిసినప్పటి నుంచి, దాదీమా రాత్రి సీరియల్లో హీరోని చూస్తుంటే పక్కన చేరి "నజర్, దాదీమా, నజర్" అంటోంది, చూపు జాగ్రత్త అని. మా అత్త రిమోట్‌తో కొట్టబోయింది.

మొన్నీమధ్య వాడే వంటింట్లోకి వచ్చి, ట్యూషన్లో ఒక అబ్బాయి ఫోనులో ఏవో చూపిస్తుంటే లేచి వచ్చేశానన్నాడు. చేతిలో ఉల్లిపాయ ఉంది, కోస్తూనే ఉన్నాను, మొహం మారకుండా. "మొదటిది చూశా అమ్మీ," అన్నాడు. "రెండోది చూళ్ళేదు." సరే, ఉల్లిపాయలు అందుకో అన్నాను. కళ్ళల్లో నీళ్ళకి వంక దొరికింది.

ఇక నిన్నటి సంగతి. ఆరేసిన బట్టలు చేతినిండా పట్టుకుని తిన్నగా లోపలి గదిలోకి పోయాను. వాడు స్నానం చేసొచ్చి తువ్వాలు చుట్టుకుని అద్దం ముందున్నాడు.

"అమ్మీ! సలాం ఏదీ?"

బయటికొచ్చి పరదా ఇవతల నిలబడ్డాను. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. లోపల నవ్వు వినిపిస్తోంది కానీ జవాబు లేదు. బట్టల మూటతో అట్లాగే వెనక్కి వెళ్ళిపోయాను.