ఇంటర్ పిల్లలకు గంజాయి కేసుల గురించి చెప్పాను: నా అనుభవం

విశాఖ కోర్టుల్లో లాయర్‌గా నేను ఎక్కువగా చూసేవి గంజాయి కేసులే. నర్సీపట్నం వైపు ఒక జూనియర్ కాలేజీ వాళ్లు పిల్లలతో మాట్లాడమన్నారు. ప్రిన్సిపాల్ గారు మాత్రం "మత్తు వద్దని చెప్పి ప్రతిజ్ఞ చేయిస్తే చాలదా, సెక్షన్లెందుకండీ" అన్నారు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో చాలామందికి తాగే అలవాటే లేదు, బ్యాగు మోసి దొరికినవాళ్లు, వాళ్లకి ప్రతిజ్ఞ ఏం పనికొస్తుందని గట్టిగానే అడిగాక ఒప్పుకున్నారు.

రెండు కిలోల బియ్యం ప్యాకెట్‌కి బ్రౌన్ టేపు చుట్టి కాలేజీ బ్యాగులో పెట్టి తీసుకెళ్లాను. ముందు బెంచీ అబ్బాయి ఎత్తి చూసి "నా పుస్తకాల కంటే తేలికే సార్" అన్నాడు. ఇది గంజాయైతే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటే క్లాసంతా చప్పుడు లేదు. కిలో లోపైతే ఏడాది దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోవచ్చు, బెయిల్ రావడం కూడా చాలా కష్టం.

"నేను అమ్మలేదు, ఫ్రెండ్ ఇస్తే బస్సులో తెచ్చానంతే అంటే?" అని ఒకడు అడిగాడు. అందరికీ ఉండే అనుమానమే. మత్తు పదార్థాల కేసులకు వాడే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 20లో అమ్మడం, కొనడం, మోయడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ ఒకే గాటన ఉంటాయి, శిక్ష బరువును బట్టే. బ్యాగు నీ దగ్గర దొరికిందని రుజువైతే, లోపల ఏముందో తెలియదని నిరూపించుకోవాల్సింది నువ్వే.

"మైనర్‌వి, నీకేం కాదు" అని చెప్పే పంపిస్తారు వీళ్లని. ఆ మాటకి నాకు ఒళ్లు మండుతుంది. 18 లోపు వాళ్ల కేసు జువైనల్ జస్టిస్ బోర్డుకే వెళ్తుంది, నిజమే. కానీ 16 నిండి, సరుకు 20 కిలోలు దాటితే, బోర్డు పరిశీలించి పెద్దవాళ్లలా విచారించాలని పిల్లల కోర్టుకు పంపొచ్చు. అలా పిల్లల చేత మోయించినవాడికి ఏడేళ్ల దాకా శిక్ష ఉందని మాత్రం వాడు చెప్పడు.

చివర్లో ఒకమ్మాయి, ఇంట్లో దాస్తే అమ్మానాన్నల మీద కూడా కేసు పెడతారా అంది. తెలిసీ ఉంచనిస్తే పెడతారు, అదే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 25 కింద. ఎవరైనా బలవంతపెడితే మత్తు పదార్థాల మీద ఫిర్యాదులు తీసుకునే 1972 నంబర్‌కి ఫోన్ చేయమన్నాను. ఇప్పుడు ప్రిన్సిపాల్ గారే తల్లిదండ్రుల మీటింగ్‌కి రమ్మంటున్నారు, అక్కడ ఈ సెక్షన్ 25తోనే మొదలుపెడతాను.