జాలె డేగ, జుట్టు గద్ద: ఈ సీజన్ నోట్స్

చలికాలం మొదలైనప్పటి నుంచి రెండు పక్షుల మీదే దృష్టి పెట్టాను. ఒకటి మా కాలనీ వేపచెట్ల మీద ఉండే జాలె డేగ, అదే షిక్రా. రెండోది నల్లమలలో మన్ననూరు దాటాక ఫరహాబాద్ వైపు కనిపించే హాక్ ఈగిల్, తల వెనక పొడుగాటి జుట్టున్న అడవి గద్ద.

డేగ పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు, గద్ద 60కి పైనే. ఇంత తేడా ఉంటే పోల్చడమెందుకు అనిపిస్తుంది. కానీ ఖాళీ ఆకాశంలో పక్షి ఒక్కటే తిరుగుతుంటే సైజు అంచనాకి అందదు. పైగా రెండిటిదీ ఒకే తరహా ఒడ్డూ పొడుగూ: వెడల్పాటి పొట్టి రెక్కలు, పొడుగు తోక. కొమ్మల మధ్య మలుపులు తిరుగుతూ వేటాడాలంటే అలాగే ఉండాలి మరి. అందుకే నోట్‌బుక్‌లో సైజు గడిని చివరికి జరిపేశాను.

ఇప్పుడు మొదట రాసేది కాళ్ల గురించి. డేగ కాళ్లు సన్నగా, పసుపు రంగులో, ఈకల్లేకుండా ఉంటాయి. గద్దకి ప్యాంటు తొడిగినట్టు వేళ్ల మొదలు దాకా ఈకలే. ఛాతీని మాత్రం అంతగా నమ్మకూడదు. పెద్ద డేగకి సన్నటి అడ్డచారలుంటాయి, గద్దకి నిలువు చారలు. అయితే పిల్ల డేగకీ నిలువు చారలే! మొన్న పిట్టగోడ మీద వాలిన మగ డేగని దగ్గర నుంచి చూశాను. తొండని కాలి కింద నొక్కిపట్టి, ముక్క ముక్కకీ తలెత్తి చూస్తోంది. కళ్లు ఎర్రగా మెరిసిపోతున్నాయి. ఆడదైతే పసుపు కళ్లు.

ఎగిరేటప్పుడు డేగ గబగబా నాలుగైదుసార్లు రెక్కలాడించి కాస్త జారుతుంది. గద్ద రెక్క వేయడంలో బరువు తెలుస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుంటే ఈ తేడా బాగా పట్టుబడుతుంది.

కెమెరాలో డేగకి షటర్ స్పీడు 1/2000 సెకను పెడుతున్నాను, గద్దకి 1/1250 చాలు. తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +1కి పెంచాలి, లేకపోతే రెక్కల కింది చారలు నల్లగా కలిసిపోతాయి. అరుపు విని పేరు రాసేయొద్దు, చీలిన తోకున్న నల్లటి ఏట్రింత పిట్ట (డ్రాంగో) డేగ గొంతుని అచ్చంగా దించేస్తుంది.

డేగ మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, గద్ద ఒక్కటే. అది పోతే ఆ సంవత్సరం సంతానమే పోయినట్టు. గూడు కనిపించినా దగ్గరికి వెళ్లను, జీపు దిగకుండా రోడ్డు మీంచే చూస్తాను.