రేడియో కాపీ, టీవీ కాపీ: వార్త ఒకటే, రాత వేరు

రేడియోలో కొన్నేళ్లు పనిచేసి టీవీకి వచ్చిన విలేకరికి ఔట్‌పుట్ డెస్క్ (వార్తలను సరిచూసి ప్రసారానికి పంపే విభాగం) నుంచి మొదట వినిపించే మాట "కాపీలో మాటలు తగ్గించండి" అని. కాపీ అంటే చదవడానికి రాసిన వార్త. టీవీ నుంచి రేడియోకి వెళ్లినవాళ్లది సరిగ్గా ఎదురు సమస్య. బొమ్మ లేకపోయేసరికి వాళ్ల వార్త సగమే ఉన్నట్టుంటుంది. గొంతు బాగుంటే చాలనుకునే కొత్తవాళ్లకు ఈ రెండూ తెలియవు. ఆకాశవాణిలో వార్తలు చదివే కొలువు పేరే న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. గొంతుతోపాటు అనువాదమూ చూస్తారు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి వచ్చిన వరదనే తీసుకోండి: 11.43 లక్షల క్యూసెక్కులు. రేడియో స్క్రిప్టులో అంకెలు అలాగే వేస్తే చదివేవాళ్లు "పాయింట్" దగ్గర తడబడతారు. "పదకొండు లక్షల నలభై మూడు వేలు" అని అక్షరాల్లో రాయాలి. అప్పటికీ వినేవాడికి అది పెద్ద అంకె, అంతే. రెండో ప్రమాద హెచ్చరిక 5.69 లక్షల దగ్గరే ఇస్తారు కాబట్టి "అంతకు రెట్టింపు" అని కలిపితే తీవ్రత తెలుస్తుంది. మొత్తం 70 గేట్లూ ఎత్తేశారని రేడియోలో చెప్పి తీరాలి. టీవీలో గేట్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటి మీద "వరద ఉరకలెత్తుతోంది" అని వాయిస్ ఓవర్ ఇవ్వడం దండగ. గేట్ల దగ్గర చిక్కుకున్న పడవలు కొట్టుకొచ్చినవనీ, అవి తగిలి కౌంటర్ వెయిట్ (గేటు బరువుకు సరితూగే దిమ్మ) దెబ్బతిందనీ విజువల్ దానంతటది చెప్పదు. అది మీరు చెప్పాలి.

"కాగా", "ఇదిలా ఉండగా" పత్రికలకు వదిలేయండి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. నాలుగు "చేసి, వెళ్లి, చూసి, అని"ల తర్వాత వచ్చే క్రియ దగ్గరికి శ్రోత చేరడు. ఒక వాక్యానికి ఒక పని చాలు.

స్టూడియోలో మైక్ మూతికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా ఉంటే ప, ఫ, భ దగ్గర గాలి కొట్టి "ఫట్" మంటుంది. కాగితాలకు పిన్ను కొట్టొద్దు, తిప్పినప్పుడు చప్పుడవుతుంది. పేజీ చివర వాక్యం తెగకూడదు.

ఫీల్డులో పొరపాట్లు ఎక్కువగా శబ్దంతోనే వస్తాయి. గన్ మైక్‌కు ఫోమ్ తొడుగు లేకపోతే గాలి హోరులో బైట్ (ఎదుటివారు మాట్లాడిన ముక్క) పోయినట్టే. బైట్ ఇచ్చేవారిని మీ ప్రశ్ననూ కలుపుకుని జవాబు చెప్పమనండి, ఎడిటింగ్‌లో ప్రశ్న ఎగిరిపోతుంది కదా. ఒక్కో షాట్ పది సెకన్లు కదలకుండా పట్టుకోమని కెమెరామన్‌కు చెప్పండి. కటవేలు (మధ్యలో వేసే వేరే షాట్లు) లేకపోతే రెండు బైట్లు అతికించిన చోట తల ఎగిరిపడుతుంది.

లైవ్‌లో చెవిలో మీ గొంతే రెండు సెకన్లు ఆలస్యంగా వినబడితే ఎంత అనుభవమున్నా నాలుక మడతపడుతుంది. అది మీ లోపం కాదు, టాక్‌బ్యాక్‌లో (మీ చెవికి స్టూడియో పంపే ఆడియోలో) మీ గొంతు తీసేయడం పీసీఆర్ (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్) మరిచింది. లైవ్‌కు ముందే అడిగి చూసుకోవాలి. తెలుగులో తొలి టీవీ న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ 1983 నవంబరు 14న మొదలుపెట్టిన రోజుల్లో ప్రాంప్టర్ (ఎదురుగా తెర మీద వార్తను చూపించే పరికరం) కూడా లేదు, వార్తలు కంఠస్థం చేసేవారు. ఇప్పుడు ప్రాంప్టర్ ఉన్నా అది ఒక్కోసారి ఆగిపోతుంది. చేతిలో ప్రింటు ఉండాల్సిందే.

ఇక కొలువు సంగతి. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు తయారు చేసి ఇవ్వడానికి లేదు. అందుకే రేడియో వార్తలంటే దాదాపు ఆకాశవాణే. అక్కడ క్యాజువల్‌కు (అవసరమైన రోజు మాత్రమే పిలిచేవారికి) నెలలో కొద్ది డ్యూటీలే పడతాయి, దాన్నే నమ్ముకుని ఇల్లు నడవదు. టీవీలో మండలాల్లో స్ట్రింగర్‌గా (జీతం లేకుండా స్టోరీకి ఇంతని తీసుకునే విలేకరిగా) చేరేవాళ్లు లోగో (ఛానల్ గుర్తున్న మైక్) చేతికి రాగానే సంబరపడిపోతారు. స్టోరీకి ఎంత ఇస్తారు, కెమెరా ఎవరిది, పెట్రోలు ఎవరు పోస్తారు, ప్రకటనలు తెమ్మంటారా? ఈ నాలుగూ లోగో తీసుకోకముందే అడగాలి. చివరిదానికి "అవును" అని జవాబొస్తే, ఊళ్లో ఎవరి మీద వార్త రాయగలరో కూడా అప్పుడే లెక్కేసుకోండి.