తాతగారి చాప్‌స్టిక్, 1640 కిలోహెర్ట్జ్

రీయూనియన్ సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "ఏదో ఒకటి రాయి, రెండు పేజీలు చాలు, దీపావళి లోపు కావాలి" అన్నారు. కమిటీలో గోంగూర (మన బ్యాచ్‌వాడి ముద్దుపేరు) ఉన్నాడు కాబట్టి తప్పించుకునే దారి లేదు. పాట్‌లక్‌ల గురించి, సున్నా కింద ఇరవైలో ఆగిపోయిన టొయోటా గురించి, కాలిపోయిన కుక్కర్ గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నాకు మిగిలింది అమెరికాలో చదువుకున్నప్పుడు మనం పెట్టిన క్యాంపస్ రేడియో. క్లాసులు, థీసిస్, ఉద్యోగాల వేట ఇందులో వెతక్కండి. ఆ రెండేళ్ళు నేనే మర్చిపోయాను.

కొత్త బ్యాచ్‌ల పిల్లలు "ఎఫ్‌ఎం పెట్టుకోక ఏఎం ఎందుకు?" అని ఇప్పటికీ అడుగుతున్నారట. కాలేజీలకు ఇచ్చే పది వాట్ల ఎఫ్‌ఎం లైసెన్సులకు అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1978లోనే తలుపు మూసేసింది. ఆ తర్వాత వచ్చిన మనలాంటి చిన్నవాళ్ళకు లైసెన్సు అక్కర్లేని పార్ట్ 15 నిబంధనలే దిక్కయ్యాయి. అమెరికా కాలేజీల్లో ఈ దారి కొత్తదేం కాదు. బ్రౌన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు 1936లోనే గది నుంచి గదికి ప్రసారం మొదలుపెట్టారు. పార్ట్ 15లో మనకు పనికొచ్చినవి రెండు. డార్మ్ (హాస్టల్) కరెంటు తీగల్లోకే రేడియో తరంగాన్ని ఎక్కించే క్యారియర్ కరెంట్ పద్ధతి ఒకటి. ట్రాన్స్‌మిటర్ చివరి దశకు 100 మిల్లీవాట్లు మించకుండా ఇచ్చి చిన్న యాంటెన్నాతో ఆరుబయట వినిపించడం రెండోది. మన రేడియోకు పెద్దదిక్కు, మనం తాతగారని పిలిచే ఆయన, రెండూ పెట్టించారు. లోపల 530 కిలోహెర్ట్జ్, బయట 1640.

ఒకటే ఫ్రీక్వెన్సీ అయితే పోస్టరు సులువు. కానీ కరెంటు తీగల్లో తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, పొట్టి యాంటెన్నాకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ నయం. 530లో అమెరికా ప్రసార కేంద్రాలు లేవు, దారి పక్కన ట్రాఫిక్ సమాచారం చెప్పే చిన్నవి తప్ప. 1640ని మాత్రం వారం రోజులు పగలూ రాత్రీ విని ఎంచుకున్నారు. పగలు ఖాళీగా ఉన్న చోట రాత్రి దూరపు తరంగాలను కిందికి తిప్పే అయానోస్ఫియర్ పొర మీంచి ఎవరో ఒకరు దిగుతారు. అందుకే తాతగారు మధ్యాహ్నం విని "ఖాళీ" అన్న ప్రతివాడి పేరు పక్కనా సున్నా వేశారు. మనం ట్రాన్స్‌ఫార్మర్ అని పిలిచేవాడికి నాలుగు సున్నాలు.

మన ఇళ్ళ నుంచి తెచ్చుకున్న రేడియోల గోల గుర్తుంది కదా. మన దేశంలో మీడియం వేవ్ మెట్టు తొమ్మిది కిలోహెర్ట్జ్. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927, అన్నీ తొమ్మిదితో భాగింపబడతాయి. అమెరికాలో మెట్టు పది. మీట తొమ్మిది మీద ఉన్న డిజిటల్ సెట్టు 531 దగ్గర ఆగుతుంది. ఒక్క కిలోహెర్ట్జ్ తేడా కాబట్టి 530 వినపడుతుంది, గొంతు కాస్త బొంగురుగా ఉంటుందంతే. 1640కి మాత్రం అది చేరదు, మన సెట్లలో చాలావాటికి డయలే 1600 దగ్గర అయిపోతుంది. "మీ స్టేషన్ సగమే పనిచేస్తోంది" అని అందుకే అందరి కంటే ముందు మనవాళ్ళే ఫిర్యాదు చేశారు. చవకరకం అలారం రేడియోల్లో తంటా ఇంకో రకం. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) వాడే సెట్టును 730 మీద పెడితే దాని ఇమేజి, అంటే పొరపాటున వినపడే రెండో ఫ్రీక్వెన్సీ, సరిగ్గా దానికి రెండింతలు, 910 పైన, అంటే 1640 దగ్గర పడుతుంది. యాంటెన్నాకు దగ్గరున్న గదుల్లో షికాగో 720 పక్కన మనమే వినపడ్డాం. అది ట్రాన్స్‌మిటర్ తప్పు కాదని నమ్మించడానికి తాతగారు బోర్డు మీద గీసిన బొమ్మ సెమిస్టరంతా చెరపలేదు.

డార్మ్ పని బేస్‌మెంట్‌లో, మెయిన్ ప్యానెల్ దగ్గర. మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ మధ్య, ట్రాన్స్‌మిటర్‌ను కరెంటు తీగలకు జతచేసే కప్లింగ్ యూనిట్ కలపాలి. ఒక్క ఫేజుకే కలిపితే మూడో వంతు గదుల్లో గణగణ, మిగతా గదుల్లో గుసగుస. ఒక్కో ఫేజుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, నేరుగా లైను మీద వాడేందుకు రేటింగ్ ఉన్నది, దానికి ముందు ఫ్యూజు, దానికి అడ్డంగా ఒక మెగోమ్ రెసిస్టర్. ఆ కెపాసిటర్ 530 కిలోహెర్ట్జ్‌కు మూడు ఓములే అడ్డం పెడుతుంది. అదే మెయిన్స్ కరెంటు 60 హెర్ట్జ్‌కు 26 వేల ఓములు. కాబట్టి 120 వోల్ట్ల నుంచి కారేది నాలుగున్నర మిల్లీ ఆంపియర్లే. మెగోమ్ లేకపోతే యూనిట్ విప్పాక కూడా కెపాసిటర్లో చార్జి నిలిచి ఉండి, ముట్టుకున్నవాడి చెయ్యి ఎగురుతుంది. ప్యానెల్ మూత తీసేది యూనివర్సిటీ ఎలక్ట్రీషియనే. విద్యార్థుల చేతులు జేబుల్లో ఉండాలి. ఇది తాతగారి శాసనం.

భవనం ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఆర్‌ఎఫ్ (రేడియో తరంగం) బయటికి పోదు. అందుకే డార్మ్‌కొక ట్రాన్స్‌మిటర్, దానికి స్టూడియో నుంచి 600 ఓముల టెలిఫోన్ తీగల జత. ఇక్కడే జంట డార్మ్‌ల గొడవ. రెండు ట్రాన్స్‌మిటర్లలో ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచే రెండు క్రిస్టల్స్, మధ్య తేడా మిలియన్‌లో ఇరవై వంతులు. 530 కిలోహెర్ట్జ్ దగ్గర అంటే పది హెర్ట్జ్. రెండూ సమానంగా అందే నడవాలో పాట సెకనుకు పదిసార్లు ఊగేది. ఎవరో అక్కడ దయ్యం ఉందన్నారు. ఒకే ఆసిలేటర్ నుంచి రెండింటికీ తీగ లాగాక దయ్యం పోయింది.

పోనిది హమ్. స్టేషన్ ట్యూన్ చేసినప్పుడే గుయ్యిమంటుంది, పక్కకు తిప్పితే ఉండదు. స్టూడియోలో ఎర్తింగ్ ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది పుట్టేది గదుల్లో. చవక అడాప్టర్లలోని డయోడ్లు సెకనుకు 120 సార్లు తెరుచుకుని మూసుకుంటూ తీగ మీద పోతున్న మన క్యారియర్‌నే (పాటను మోసే తరంగాన్ని) మాడ్యులేట్ చేస్తాయి, అంటే ఊపుతాయి. డయోడు మీద 0.01 మైక్రోఫారడ్ డిస్క్ పెడితే పోతుంది. కానీ నాలుగు వందల గదుల్లో అడాప్టర్లు ఎవరు విప్పుతారు? పైగా ఆ రోజుల్లో ప్రతి గదిలోనూ డిమ్మరున్న 300 వాట్ల నిలువు హాలోజన్ దీపం. సగం వెలుగులో పెడితే ఏఎం మొత్తం తేనెటీగల తుట్టె. "పూర్తిగా వెలిగించండి, లేదా ఆర్పండి" అని 530 వాళ్ళు గంటకోసారి చెప్పిన ప్రకటన ఇదే. ప్రేమికుల మీద కక్ష అని మన బ్యాచ్ బుల్లిమాస్టారు ఇప్పటికీ అంటాడు.

సరే, అసలు సంగతి యాంటెన్నా. నిబంధన ఒక్క వాక్యమే. ఫీడు తీగ, యాంటెన్నా, ఎర్తుకు దిగే తీగ, మూడూ కలిపి 3 మీటర్లు దాటకూడదు. చాలామంది దీన్ని కడ్డీ పొడవు అనుకుని మేడ మీద పెట్టి, అక్కడి నుంచి నేల దాకా ఎర్తు తీగ దింపుతారు. అప్పుడు ప్రసారం చేసేది ఆ తీగే. దూరం బాగా పోతుంది, నోటీసు కూడా బాగానే వస్తుంది. తాతగారు మేడ ఊసే ఎత్తనివ్వలేదు. పచ్చిక మీదే, లైబ్రరీ వెనక, సీబీ రేడియో వాళ్ళు వాడే 102 అంగుళాల స్టీలు కడ్డీ. అది 2.6 మీటర్లు, మిగిలిన 40 సెంటీమీటర్లలోనే ఎర్తు. కింద పారతో గడ్డిలో చీలికలు చేసి పదహారు రాగి తీగలు, ఒక్కోటి మూడు మీటర్లు, చక్రం ఆకుల్లా పరిచారు. తోటపని వాళ్ళు రెండుసార్లు మిషనుతో కోశారు, రెండుసార్లూ అతికారు.

1640 దగ్గర తరంగం పొడవు 183 మీటర్లు. దాని ముందు 2.6 మీటర్ల కడ్డీ ఎంత? గాల్లోకి పోయే శక్తికి కొలత అయిన రేడియేషన్ రెసిస్టెన్స్ 0.08 ఓములు. నేలలో పోయేది ముప్పై ఓములు, కాయిల్లో పోయేది ఇరవై. అంటే లోపలికి వెళ్ళిన శక్తిలో ఆరేడు వందల్లో ఒక వంతే గాల్లోకి పోతుంది. అదే కడ్డీ 530 దగ్గర అయితే అందులోనూ పదో వంతే. 12 వోల్ట్ల దగ్గర ఎనిమిది మిల్లీ ఆంపియర్లు, అదీ మన శక్తి. టార్చిలైటు బల్బు నవ్విపోతుంది.

కడ్డీ కెపాసిటెన్స్ సుమారు 26 పీకోఫారడ్లు. దాన్ని రద్దు చేయడానికి 360 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి. నాలుగంగుళాల పీవీసీ గొట్టం మీద 22 గేజి ఎనామెల్ తీగ పక్కపక్కనే చుడితే యాభై చుట్లకు కొంచెం ఎక్కువే వస్తుంది. నలభై ఐదు చుట్టి, మిగతాది కాయిల్‌కు అడ్డంగా పెట్టిన గాలి ట్రిమ్మరుతో (తిప్పి సరిచేసే చిన్న కెపాసిటర్) సరిచేయాలి. చుట్టిన ప్రతివాడూ యాభై చుట్టాడు. తర్వాత ఒక్కో చుట్టూ విప్పాడు. తాతగారు చూస్తూ కాఫీ తాగారు.

ట్యూనింగ్ ఎందుకు కుదరలేదో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు. దగ్గర కూర్చుని ట్రిమ్మరు తిప్పితే మీటరు ముల్లు నిండుగా పైకి లేచేది. శభాష్ అని లేచి నిలబడగానే పడిపోయేది. మళ్ళీ కూర్చుంటే లేచేది. గోంగూర దండం పెట్టాడు కూడా. లెక్క చిన్నదే. మనిషి పక్కన కూర్చుంటే కడ్డీకి ఒక పీకోఫారడ్ అదనంగా చేరుతుంది. 26లో ఒకటి మారితే రెజొనెన్స్ (ట్యూనింగ్ కుదిరే చోటు) 30 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. మన సర్క్యూట్ పట్టుకునే వెడల్పు మొత్తం 22 కిలోహెర్ట్జ్. అంటే అంతసేపూ ట్యూన్ చేసింది కడ్డీని కాదు, కడ్డీనీ గోంగూరనీ కలిపి.

తాతగారు కోటు జేబులోంచి చైనా హోటల్ చాప్‌స్టిక్ తీశారు. కొసను బ్లేడుతో స్క్రూడ్రైవర్‌లా చెక్కారు. లోహం కాదు, తడి లేదు. చెయ్యి చాపి, ఒళ్ళు వెనక్కి పెట్టి, పావు చుట్టు తిప్పడం. వెనక్కి నడవడం. పది అడుగుల అవతల నిలబడి, ముప్పై మీటర్ల దూరంలో తరంగం బలం కొలిచే ఫీల్డ్ మీటరు పట్టుకున్నవాడిని అడగడం. మళ్ళీ పావు చుట్టు. "తిప్పు, నడువు, అడుగు." నవంబరు చలిలో ఆ మూడు మాటలు ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. పొరపాటున ట్రిమ్మరును వేలితో ముట్టుకున్నవాడికి 100 మిల్లీవాట్లు ఏపాటివో తెలిసింది. రెజొనెన్స్‌లో అక్కడ 150 వోల్ట్ల ఆర్‌ఎఫ్ ఉంటుంది. చిన్న తెల్లటి చుక్క, కాలిన చర్మం వాసన.

వర్షం పడితే ట్యూనింగ్ జారుతుంది, మంచు పేరుకుంటే ఇంకా జారుతుంది. అందుకే కాయిల్‌కు ప్లాస్టిక్ పెట్టె, అడుగున నీరు పోయే చిల్లు. లోహం పెట్టె పెడితే కాయిల్ పస మొత్తం అదే తాగేస్తుంది. స్టూడియో నుంచి వచ్చే ఆడియో కేబుల్ కూడా దొంగ యాంటెన్నానే. కడ్డీ మొదట్లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, కేబుల్‌ను ఫెరైట్ ఉంగరం చుట్టూ పది చుట్లు తిప్పాకే అసలు రీడింగులు వచ్చాయి. అవి ముందటికంటే తక్కువ. నిజమైన రీడింగు ఎప్పుడూ తక్కువే ఉంటుందన్నారు తాతగారు. తర్వాత మీటరు పట్టుకుని డార్మ్‌ల 530 కోసం క్యాంపస్ సరిహద్దంతా తిరిగారు, అక్కడ పరిమితి దాటకూడదు కాబట్టి.

స్టూడియో గురించి రెండు ముక్కలు చాలు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన మహానుభావులారా, అవి ధ్వనిని ఆపవు. బరువున్న గోడే ఆపుతుంది. ధ్వని హద్దు దాటకుండా పట్టే లిమిటరు, మాడ్యులేషన్ నెగటివ్ పీకులు 100 శాతం తాకకుండా, దాని తర్వాత 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఫిల్టరు. పాజిటివ్ వైపు 125 దాకా పోనివ్వొచ్చు. నెగటివ్ తెగితే పక్క స్టేషన్ల మీద చిటపటలు.

ప్రారంభానికి ముందు ఆదివారం టెస్టులో మన తెలుగు గంట. స్టూడియోలో హెడ్‌ఫోన్స్‌లో పాట అద్భుతం. బయట రేడియోలో తబలా ఉంది, వయొలిన్లు ఉన్నాయి, గాయకుడు లేడు! నలభై నిమిషాలు అలాగే పోయింది. "కరావొకే బాగుంది" అని బేస్‌మెంట్ నుంచి ఫోన్లు. కుడి ఛానెల్ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఆడియో కేబుల్లో రెండో పిన్నూ మూడో పిన్నూ తారుమారు. ఏఎం మోనో కాబట్టి రెండు ఛానెళ్ళు కలుస్తాయి, మధ్యలో ఉన్న గొంతు కుడీ ఎడమా ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతుంది. హెడ్‌ఫోన్స్‌లో అది తెలియదు. మిక్సర్ మీద మోనో బటన్ ఒక్కసారి నొక్కి ఉంటే తెలిసేది. ఆ కేబుల్ సోల్డర్ చేసింది ఎవరో ఈ సంచికలో రాయనని మాటిచ్చాను. ఆయన ఇప్పుడు శాన్ డియేగోలో సెల్ టవర్లకు యాంటెన్నాలు డిజైన్ చేస్తున్నాడు, పేరు మీద పేటెంట్లు ఉన్నాయి. ఈసారి పిన్నులు సరిచూసుకుంటాడనే నమ్మకం.

ట్రాన్స్‌ఫార్మర్ కూతురు మొన్న ఎలక్ట్రికల్‌లో చేరింది. బుల్లిమాస్టారు గుంటూరు దగ్గర కాలేజీలో పాఠం చెబుతూ బోర్డు మీద అదే ఇమేజి బొమ్మ గీస్తున్నాడట. మా ఇంట్లో గరాజ్ గోడ మీద 45 చుట్ల కాయిల్ ఒకటి వేలాడుతోంది. వచ్చినవాళ్ళు అదేదో కళాఖండం అనుకుంటారు, నేనూ కాదనను.

రీయూనియన్ హాలు వెనక పచ్చిక ఉందని కమిటీ చెప్పింది. కాయిల్ నేను తెస్తాను. కడ్డీ ఎవరి దగ్గరుందో గోంగూరకి తెలుసు. చాప్‌స్టిక్‌లు భోజనాల దగ్గర దొరుకుతాయి. ఇంటి నుంచి తొమ్మిది కిలోహెర్ట్జ్ రేడియోలు మాత్రం ఎవరూ తేవద్దు.