బాగోంగ్ చెప్పే భారతం

మా పిల్లలు భారతాన్ని మొదట జావా భాషలో విన్నారు. మేముండే, ఇండోనేషియాలోని జావా ద్వీపపు సోలో నగరంలో ఆ భాష బడిలో ఒక పాఠ్యాంశం కనుక, యూట్యూబ్‌లో వచ్చే వయాంగ్ కులిత్, అంటే ఇక్కడి తోలుబొమ్మలాట, నాకన్నా వారికే బాగా అర్థమవుతుంది. "వింటే భారతం వినాలి" అనే సామెత వింటూ పెరిగిన నాకు ఇది కొంత వింతగానే తోచింది.

వారికి అత్యంత ఇష్టుడైన దళాంగ్ (బొమ్మలను ఆడిస్తూ కథ నడిపే కళాకారుడు) యోగ్యకర్తకు చెందిన కి సెనో నుగ్రోహో. 2020లో కరోనా కారణంగా ప్రదర్శనలు ఆగిపోయినప్పుడు, ఆయన కొద్దిమంది వాద్యకారులతో చిన్న ఆటలు కట్టి లైవ్‌లో ప్రసారం చేశారు. అదే ఏడాది నవంబరులో ఆయన కన్నుమూసినా, తెల్లవార్లూ సాగిన ఆయన ఆటలు ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉన్నాయి. పాండవుల పక్షాన ఉండే సెమార్, గారెంగ్, పెత్రుక్, బాగోంగ్ అనే నలుగురు సేవకులు అర్ధరాత్రి వేళ తెర మీదకు వచ్చి, రాజులనూ లోకాన్నీ వెక్కిరిస్తారు. మనకు అది రామాయణంలో పిడకల వేటలా కనిపించవచ్చు గానీ, ఇక్కడి ప్రేక్షకులు ఎదురుచూసేది ఆ ఘట్టం కోసమే. ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలలో అధికభాగం కూడా ఆ హాస్యమే. అందుకే, వారానికి ఒక ఆటనైనా కథ తెలిసేంతవరకు చూడాలని, ముక్కలు మాత్రమే చూసి భారతం తెలుసుననుకోకూడదని ఇంట్లో నియమం పెట్టాను.

అసలు చిక్కు సెలవులలో రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు వస్తుంది. జావా బొమ్మలాటలో ద్రౌపది ధర్మరాజుకు మాత్రమే భార్య. శిఖండి అక్కడ శ్రీకాండి అనే స్త్రీ, విలుకత్తె, పైగా అర్జునుడి భార్య. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచి ఇండోనేషియాకు తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన ముగ్గురు మహిళా విలుకాండ్రను ఆ దేశం ముద్దుగా పిలుచుకున్నదీ ఆ పేరుతోనే. ఇవన్నీ మా అమ్మాయి చెబుతుంటే, "ఎవరే నీకు ఇలా చెప్పింది?" అని అమ్మమ్మ కోప్పడుతుంది. సాక్ష్యంగా చూపుదామంటే, టిక్‌టాక్ 2020 నుంచి భారతదేశంలో నిషేధంలో ఉన్నందున ఆ లింకులు అక్కడ తెరుచుకోవు. నేను మాత్రం ఎవరినీ సరిదిద్దను. నన్నయ్య గోదావరి ఒడ్డున తెలుగు భారతానికి శ్రీకారం చుట్టడానికి ముందే, 996లో, జావా రాజు ధర్మవంశుని ఆస్థానంలో విరాటపర్వాన్ని ఆ భాషలో చదివి వినిపించారు. అంత పాత కథనాన్ని తప్పని కొట్టిపారేసే అధికారం నాకెక్కడిది? పిల్లలకు మన కథ కూడా చెబుతాను. రెండింటినీ వారు కలిపేయడం లేదు.

ఇక్కడి సినెత్రోన్లు, అంటే టీవీ సీరియళ్ళు, వేరే సంగతి; ఆ ఏడుపులు హైదరాబాదు సీరియళ్ళలోనూ దొరుకుతాయి కనుక వాటి మీద నాకు ఆసక్తి లేదు.

ఈ మధ్య మా అబ్బాయి, మన బొమ్మలాటలో కూడా బాగోంగ్ ఉంటాడా అని అడిగాడు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఉంటారని చెప్పి, వీడియోల కోసం వెదికాను. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు తోలు మీద రంగులు వేయడం, దీపాలకు తోలు తొడుగులు చేయడం చూపేవి దొరికాయి గానీ, కేతిగాడు నోరారా మాట్లాడే పూర్తి ఆట మాత్రం నా కంటపడలేదు. వెదుకుతూనే ఉన్నాను.