చర్మానికి కాస్త పులుపు ఉండాలి

పాప పుట్టిన మొదటి రెండు నెలల్లో నేను చేతులు కడిగినన్నిసార్లు అంతకుముందు జీవితంలో ఎప్పుడూ కడగలేదు. ఎత్తుకునే ముందు, డైపర్ మార్చాక, తుమ్మాక, ఫోన్ ముట్టుకున్నాక, ఊరికే అనుమానం వచ్చినా సరే, సబ్బే. కడిగాక వేళ్లు రుద్దితే కిర్రుమనాలి, అప్పుడుగానీ నాకు శుభ్రం అనిపించేది కాదు. మూడో వారానికి వేలి కణుపుల మీద చర్మం తెల్లగా పొడిబారింది, ఆ తర్వాత సన్నని గీతల్లా చీలింది, పిడికిలి బిగిస్తే ఆ గీతల్లో రక్తం కనిపించేది. డాక్టర్‌కి చూపిస్తే, క్రీమ్ సంగతి తర్వాత, ముందు ఆవిడ అడిగింది ఒకటే: "రోజుకి ఎన్నిసార్లు సబ్బు వాడుతున్నారు?"

అప్పటిదాకా చర్మం పైన ఉండే జిడ్డూ చెమటా అంతా వదిలించుకోవాల్సిన మురికే అనుకున్నాను. కాదు. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత; 7 తటస్థం, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం) సుమారు 4 నుంచి 6 మధ్యలో. లోపల రక్తం 7.35-7.45 దగ్గర, అంటే కొంచెం క్షారం వైపు ఉంటుంది. ఈ స్కేలులో ఒక్క అంకె మారితే పది రెట్లు తేడా, కాబట్టి 5 దగ్గరున్న చర్మం, 7 దగ్గరున్న స్వచ్ఛమైన నీటికన్నా వంద రెట్లు ఎక్కువ ఆమ్లం. ఒంట్లో చాలాచోట్ల కాగితం కన్నా పలచగా ఉండే పైపొరలోనే ఇంత తేడా జరిగిపోతుంది! దీన్ని 1928లో జర్మనీలో షాడే, మార్కియోనీని అనే ఇద్దరు వైద్యులు కొలిచి 'ఆమ్లపు తొడుగు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఈ ఆమ్లం ఒక్కచోటు నుంచి వచ్చేది కాదు. చెమటలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. చర్మపు నూనెను అక్కడుండే సూక్ష్మజీవులు విడగొడితే కొవ్వు ఆమ్లాలు వస్తాయి. పైపొర కణాలు ముదిరేటప్పుడు వాటిలోని ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ విడిపోయి మరికొన్ని ఆమ్లాలు తయారవుతాయి. చెమట సంగతైతే ఇంకా బాగుంటుంది. గ్రంథి అడుగున పుట్టినప్పుడు అది దాదాపు తటస్థంగా ఉంటుంది, సన్నని గొట్టంలో పైకి వస్తూ ఆమ్లంగా మారుతుంది. మెల్లగా పట్టే చెమటకి అక్కడ టైమ్ దొరుకుతుంది కాబట్టి ఆమ్లం ఎక్కువ. ధారగా కారిపోయే చెమటకి అంత టైమ్ ఉండదు, అది తటస్థం వైపే ఉంటుంది. ఒంటి మీది చెమట ఆమ్లమే అయినా, తడి బట్టలో నిల్వ ఉంటే అందులోని యూరియా నుంచి అమ్మోనియా పుట్టి క్షారమైపోతుంది. అందుకే బట్టల రంగు చెమటకి పోతుందో లేదో చూసే పరీక్షలో రెండు రకాల కృత్రిమ చెమట వాడతారు, ఒకటి పీహెచ్ 5.5, ఇంకోటి 8. చెమట ఆమ్లంగా ఉందంటే ఒంట్లో ఏదో తేడా చేసిందని కంగారు పడక్కర్లేదు, అది అలాగే ఉండాలి.

నా చేతులకి ఏమైందో ఇప్పుడు చెప్తాను. పైపొరలో కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో సిమెంటులా కొవ్వు పదార్థాలు, వాటిలో ముఖ్యమైనవి సెరమైడ్లు. వాటిని తయారుచేసే ఎంజైములు పనిచేయాలంటే ఆమ్లం కావాలి. కణాల మధ్య అతుకులు కోసే ఎంజైములు వేరే ఉన్నాయి, పీహెచ్ పెరిగితే వాటికి జోరు. అంటే చర్మం క్షారం వైపు జరిగితే గోడ కట్టడం మందగిస్తుంది, కూల్చడం వేగమవుతుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. చర్మంతో పోలిస్తే కనీసం వేల రెట్ల తేడా. పైగా సబ్బు ఆ కొవ్వుని కూడా లాగేస్తుంది, నేను మురిసిపోయిన ఆ కిర్రుమనే శబ్దం అదే! ఒకసారి కడిగితే చర్మం కొన్ని గంటల్లో తేరుకుంటుంది. నేను దానికి ఆ కొన్ని గంటలు ఎక్కడిచ్చాను?

నమ్మకం కుదరక పీహెచ్ కాగితాలు తెచ్చి, ముంజేతి మీద నీటిబొట్టు వేసి, కాసేపాగి అద్దాను. నారింజకి పసుపుకి మధ్య రంగు. సబ్బు నురగలో ముంచితే ముదురు ఆకుపచ్చ. లెక్కగా చెప్పే పరికరం కాదుగానీ, ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను.

పాప గురించి ఆలోచించినప్పుడు ఇంకా గుచ్చుకుంది. పుట్టినప్పుడు పిల్లల చర్మం తటస్థానికి దగ్గరగా ఉంటుంది, రోజులు, వారాలు గడిచేకొద్దీ ఆమ్లంగా మారుతుంది. డైపర్‌లో మూత్రం, మలం కలిస్తే అమ్మోనియా పుట్టి పీహెచ్ పెరుగుతుంది, దాంతో మలంలోని ఎంజైములు చురుకై లేత చర్మాన్ని తినేస్తాయి. ఆ ఎర్రదనం చూసి నేను ఇంకాస్త సబ్బు రుద్దాను.

చేతులు కడగొద్దని చెప్పట్లేదు, డైపర్ మార్చాక కడిగి తీరాలి. క్షారం తక్కువుండే సబ్బులేని క్లెన్సర్‌కి మారాను, కడిగాక తుడిచి వెంటనే క్రీమ్ రాస్తున్నాను, అనుమానానికి కడగడం మానేశాను. పాపకి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, తరచుగా డైపర్ మార్చడం. ఆమ్లం మంచిదన్నారు కదా అని ఎవరూ నిమ్మరసం మాత్రం రాసుకోకండి, దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, అది కాలుస్తుంది.

చీలికలు మానడానికి దాదాపు నెల పట్టింది. కుడి చూపుడువేలు మీదది అన్నిటికన్నా ఆఖరున మానింది, పాల సీసా మూత తిప్పేది ఆ వేలితోనే.