కుండీ మార్చాక వాడిపోయిన మొక్కలు కోలుకున్న తీరు: నా అనుభవం

నెల్లూరు ఎండల్లో మొక్కలకు కుండీలు మార్చడం ఎవరూ కోరుకోరు. కానీ నాకు వానల దాకా ఆగే వీలు లేకపోయింది. కడియం నర్సరీల నుంచి వచ్చిన లారీ దగ్గర కొన్న పిల్ల మొక్కలవి: పీస్ లిల్లీ, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, మనీ ప్లాంట్. నల్ల కవర్ల అడుగు చిల్లుల్లోంచి వేళ్లు బయటికి వచ్చేశాయి. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికల్లా ఆరిపోతున్నాయి.

ముందు రోజే నీళ్లు పోసి ఉంచి, మర్నాడు సాయంత్రం చల్లబడ్డాక మార్చాను. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు, కాస్త ఇసుక కలిపాను. కుండీలు కూడా పాత కవరు కన్నా ఒకటి రెండు అంగుళాలే పెద్దవి తీసుకున్నాను. మరీ పెద్ద కుండీ అయితే వేరు అందుకోని మట్టిలో నీళ్లు నిలిచిపోతాయి. ఇంత చేసినా తెల్లారేసరికి పీస్ లిల్లీ ఆకులన్నీ కుండీ అంచు మీద వాలిపోయాయి. సింగోనియం కాడలు వేలాడుతున్నాయి. మనీ ప్లాంట్‌కి మాత్రం ఏమీ కాలేదు, అది మొండిది.

పక్కింటి పిన్ని చూసి "నీళ్లు చాల్లేదమ్మాయ్, ఇంకో చెంబు పొయ్యి" అంది. ఎవరికైనా మొదట అదే తోస్తుంది. కానీ మట్టిలో వేలు పెడితే తడిగానే ఉంది.

ఇక్కడ జరిగేదేమిటంటే, నీళ్లు పీల్చేవి లావు వేళ్లు కాదు, వాటి చివర ఉండే సన్నటి నూగు. కుండీ మార్చేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా ఆ నూగులో చాలా భాగం తెగిపోతుంది. ఆకులు మాత్రం ఎప్పటిలాగే తమ రంధ్రాల్లోంచి నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. ఖర్చు అంతే ఉండి రాబడి పడిపోతుందన్నమాట. అప్పుడు మొక్క తాగలేని నీళ్లు ఇంకా పోస్తే మట్టిలో గాలి పోయి, మిగిలిన వేళ్లు కూడా కుళ్లుతాయి. అందుకే నేను నీళ్ల చెంబు పక్కన పెట్టి, ఆకుల నుంచి పోయే తడిని తగ్గించే పని పట్టుకున్నాను.

మొదట చోటు మార్చాను. మాకు మధ్యాహ్నం పడమటి గాలి కొలిమిలోంచి వచ్చినట్టు వస్తుంది. ఆ వైపు కిటికీ దగ్గర ఏ ఆకూ నిలవదు. కుండీలన్నీ ఉత్తరం వైపు గదిలో, వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా పడని చోట పెట్టాను. ఫ్యాను గాలి, ఏసీ గాలి కూడా తగలకుండా చూశాను. చీకటి మూలలో పెడితే మంచిదని కొందరంటారు, నేను ఒప్పుకోను. కొత్త వేరు పుట్టాలంటే ఆకు ఆహారం తయారు చెయ్యాలి, దానికి వెలుతురు ఉండాలి.

బాగా వాలిపోయిన పీస్ లిల్లీకీ సింగోనియానికీ కుండీలో పుల్లలు గుచ్చి, పైన పలచటి ప్లాస్టిక్ కవరు కప్పాను. లోపల తేమ నిలిస్తే ఆకు నుంచి నీరు పోవడం తగ్గుతుంది. రోజూ కాసేపు కవరు తీసి గాలి ఆడనివ్వాలి, లేకపోతే బూజు పడుతుంది. కవరు కప్పిన కుండీని ఎండలో పెడితే మొక్క ఉడికిపోతుంది.

నీళ్ల విషయంలో అగరబత్తి పుల్ల నాకు బాగా పనికొచ్చింది. కుండీలోకి లోతుగా గుచ్చి తీస్తే, తడిమట్టి అంటుకుందో లేదో తెలిసిపోతుంది. మా వీధి బోరు నీళ్లు ఉప్పు. వేళ్లు దెబ్బతిన్నప్పుడు ఆ ఉప్పు ఇంకా భారం. స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడుతుంటే ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోశాను. కొత్త ఆకుల కొసలు మాడకుండా వచ్చాయి.

మా నాన్న కోవూరు వైపు వరి పండించిన మనిషి. "నారు పీకి నాటినా నాలుగు రోజులు పసుపుపచ్చబడి, తర్వాత మూన తిరుగుతుంది, కంగారు పడబాక" అన్నాడు. మూన తిరగడమంటే వేరు పట్టి తేరుకోవడం. ముదిరిన నారుకి కొనలు తుంచినట్టు వీటికీ ఆకులు తుంచమన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం వినలేదు. పూర్తిగా పసుపైన ఆకులే తీశాను. పచ్చగా ఉన్న ఆకు వాలిపోయినా మొక్కకి తిండి పెడుతుంది.

పీస్ లిల్లీ ముందు సాయంత్రాలు కాస్త లేచేది, మధ్యాహ్నం మళ్లీ వాలేది. అలా లేచి పడుతోందంటే వేరు బతికే ఉందని అర్థం. క్రమంగా మధ్యాహ్నం కూడా నిలబడింది. తర్వాత మధ్యలోంచి చుట్టుకున్న కొత్త ఆకు వచ్చింది. చిన్న మొక్కలు కోలుకోవడానికి మామూలుగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆ లోపు మళ్లీ కుండీ మార్చాలన్న ఆత్రం అస్సలు వద్దు.

సింగోనియం మాత్రం లేవలేదు. కాడ మొదలు మెత్తబడి, మట్టి దుర్వాసన వేసింది. తీసి చూస్తే నర్సరీ నుంచి వచ్చిన బంకమట్టి ముద్ద లోపల అలాగే తడిగా ఉంది, చుట్టూ నేను వేసిన మట్టి ఆరిపోయింది. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే ఊడొచ్చాయి. గట్టిగా మిగిలిన కాడని కణుపు కిందికి కోసి గ్లాసు నీళ్లలో పెట్టి, నీళ్లు మారుస్తూ వచ్చాను. కణుపు దగ్గర వేళ్లు వచ్చాయి. ఇప్పుడది చిన్న కుండీలో ఉంది.

మట్టిలో కలిపిన వర్మీకంపోస్టు తప్ప వేరే ఎరువు దేనికీ వెయ్యలేదు. నూగు తెగిన వేరుకి ఎరువులోని లవణాలు హాని చేస్తాయి. కనీసం 4 నుంచి 6 వారాలు ఆగి, కొత్త ఆకు విచ్చుకున్నాక, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో సగానికి పలచన చేసి పొయ్యాలి. హాల్లో ఉన్న అరేకా పామ్‌కి కూడా కుండీ ఇరుకైంది. దానికి వేళ్లు కదిలితే అసలు పడదు, అందుకే రోహిణి కార్తె వెళ్లి, ఎండ తగ్గి, నాలుగు వానలు పడ్డాకే మారుస్తాను.